పికో బెలూన్ ఎగరేయాలంటే: ఏ రేడియో, ఏ బెలూన్, ఏ గ్యాసు, ఏ నెల

"ఏ ట్రాకర్ కొనమంటారు సార్?" హ్యామ్ (అభిరుచితో రేడియో ప్రసారాలు చేసేవాళ్ల) లైసెన్స్ కొత్తగా చేతికొచ్చినవాళ్లు బెలూన్ల మాటెత్తగానే ముందుగా అడిగేది ఇదే. ట్రాకర్ అంటే బెలూన్‌కు కట్టి పంపే, తానెక్కడుందో రేడియోలో చెప్పే చిన్న పరికరం. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: పైకెళ్లాక అది మాట్లాడితే వినేదెవరు? దీనికి జవాబు దొరికితే ట్రాకర్ ఎంపిక సగం అయిపోయినట్టే. జవాబు లేకుండా కొంటే ఎంత మంచి పరికరమైనా మన పరిధి దాటగానే మూగబోతుంది.

నా మొదటి బెలూన్‌కు జరిగింది అదే. ఏపీఆర్ఎస్ (స్థానాన్ని చిన్న చిన్న రేడియో ప్యాకెట్లుగా పంపే పద్ధతి) ట్రాకర్ కట్టి, తెల్లవారుజామున పొలం గట్టు మీద నుంచి వదిలాను. చేతిలోని సెట్‌లో ప్యాకెట్ల చప్పుడు మూడు గంటలు వినిపించింది. ఎత్తు పెరుగుతూనే ఉంది, అంతా సవ్యంగానే ఉంది. తర్వాత తూర్పుకు జరుగుతూ జరుగుతూ నాకు అందకుండా పోయింది. అటువైపు ఆ ప్యాకెట్లను పట్టి ఇంటర్నెట్‌కు ఎక్కించే స్టేషన్ ఒక్కటీ లేదు. దారిలో పడిపోయిందో, బంగాళాఖాతం దాటిందో ఈ రోజుకీ తెలియదు. ఆ బాధ ఇంకొకరు పడకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా ఆంధ్ర, తెలంగాణల నుంచి ఎగరేసేవాళ్ల కోసం. అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్న మన హ్యామ్‌లకు రేడియో విషయంలో నా సలహా కొంత మారుతుంది. ఎక్కడ మారుతుందో అక్కడే చెబుతాను.

తిరిగొచ్చేదా, తిరుగుతూ ఉండేదా

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇది. వాతావరణ శాఖవాళ్లు వదిలే తరహా లేటెక్స్ రబ్బరు బెలూన్ పైకెళ్లే కొద్దీ సాగుతుంది. 30 కిలోమీటర్ల ఎత్తుకు అటూ ఇటూగా పగిలిపోతుంది, పరికరం పారాచూట్‌తో కిందికి దిగుతుంది. మొత్తం రెండు మూడు గంటల పని. కిలో దాకా బరువు మోయగలదు కాబట్టి కెమెరా పెట్టొచ్చు, సెన్సార్లు పెట్టొచ్చు. జీపు వేసుకుని వెంటాడి, ఏ కంది చేలోనో దొరికిన డబ్బాను మర్నాడు కాలేజీలో పిల్లల ముందు విప్పి చూపించొచ్చు.

పికో బెలూన్ దారి వేరు. దాని సంచి పెద్దగా సాగని ప్లాస్టిక్. గ్యాసు పూర్తిగా వ్యాకోచించి సంచి బిగుసుకున్నాక ఇక పెరగడానికి చోటుండదు. అప్పుడు బెలూన్ సాంద్రత, చుట్టూ ఉన్న గాలి సాంద్రత సమానమైన ఎత్తులో అది నిలిచిపోతుంది. మామూలుగా అది 12, 13 కిలోమీటర్లు. కింద వేలాడేది పదీ పదిహేను గ్రాముల ట్రాకర్. తిరిగి రాదు, వెతకడానికి వెళ్లేదీ ఉండదు. గాలి ఎటు తీసుకెళ్తే అటు, రోజులూ వారాలూ.

2014 జూలైలో లియో బోడ్నార్ అనే హ్యామ్ ఇంగ్లండ్ నుంచి వదిలిన బీ-64 అనే బెలూన్ ఆ నెలలోనే భూమిని ఒక చుట్టు చుట్టింది. దానికి కట్టిన ట్రాకర్ బరువు 11 గ్రాములు. అమెరికాలోని ఉత్తర ఇల్లినాయ్ బాటిల్‌క్యాప్ బెలూన్ బ్రిగేడ్ వాళ్లు 2022 అక్టోబరు 10న వదిలిన బెలూన్ నాలుగు నెలలు ఎగిరి, ఏడో చుట్టులో ఉండగా 2023 ఫిబ్రవరిలో అలాస్కా పడమటి తీరం దగ్గర చివరిసారిగా కబురు పంపింది. సరిగ్గా ఆ మర్నాడే కెనడాలోని యూకాన్ మీద అమెరికా యుద్ధవిమానం గుర్తు తెలియని వస్తువొకదాన్ని కూల్చింది. అది ఈ బెలూనే అయివుంటుందన్న అనుమానం పత్రికలకెక్కింది. పదిహేను గ్రాములే కదా అని తేలిగ్గా తీసుకోకూడదని నాకు గట్టిగా అనిపించింది అప్పుడే.

విద్యార్థుల బృందమైతే, ఒకే రోజులో ఫలితం చూపించాల్సి వస్తే, లేటెక్స్ తీసుకోండి. ఒక్కరే లేదా ఇద్దరు హ్యామ్‌లు, నిరీక్షణ ఇష్టమైనవాళ్లు, ఖర్చు తక్కువలో తేలాలనుకునేవాళ్లు అయితే పికో. ఇక్కడి నుంచి చెప్పేది ఎక్కువగా పికో గురించే.

రేడియో: విస్పరా, ఏపీఆర్ఎసా, లోరానా

12 కిలోమీటర్ల ఎత్తు నుంచి రేడియో దిగంతం, అంటే సంకేతం నేరుగా అందే హద్దు, సుమారు 450 కిలోమీటర్లు. ఏపీఆర్ఎస్ నడిచే 2 మీటర్ల (ఇది తరంగం పొడవు) బ్యాండు గానీ, లోరా (తక్కువ కరెంటుతో దూరం పంపే రేడియో పద్ధతి) నడిచే బ్యాండ్లు గానీ దాదాపు ఆ గీత దగ్గరే ఆగిపోతాయి. 450 అంటే తక్కువేం కాదు, హైదరాబాద్ మీద ఉన్న బెలూన్ విజయవాడకూ కర్నూలుకూ హాయిగా వినిపిస్తుంది. కానీ వినే చెవి ఆ వలయంలో ఉండాలి.

అమెరికాలో 144.390, యూరప్‌లో 144.800, ఆస్ట్రేలియాలో 145.175 మెగాహెర్ట్జ్ మీద ఏపీఆర్ఎస్ స్టేషన్లు ఊరూరా పగలూ రాత్రీ వింటుంటాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు హ్యామ్ ఏపీఆర్ఎస్ కడితే నేను కాదనను. నిమిషానికోసారి స్థానం మ్యాపు మీద కనిపిస్తుంటే ఆ ఆనందం వేరు. మన దగ్గర అలా వినే స్టేషన్లు చాలా పలచన. పైగా మన గాలి బెలూన్‌ను తీసుకెళ్లే దారి సముద్రం మీద నుంచి, వినేవాళ్లు లేని కొండల మీద నుంచి. ఇంకో చిక్కు, దేశానికో ఫ్రీక్వెన్సీ కాబట్టి ఎక్కడ ఉన్నానో చూసుకుని ట్రాకరే మార్చుకుంటూ పోవాలి.

లోరా చిప్పులు చవక, తేలిక, కరెంటు తక్కువ తాగుతాయి. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ లైసెన్స్ అక్కర్లేని బ్యాండు. 2020లో ఒక బెలూన్ నుంచి 25 మిల్లీవాట్లతో వెళ్లిన లోరా సందేశం 832 కిలోమీటర్ల అవతల అందింది. అయినా పికో కోసం నేను లోరాను మొదటి ఎంపికగా చెప్పను. మన పరిధిలో ఉన్నంతసేపూ మనమే వినాలి, పరిధి దాటాక ఎవరూ ఉండరు. లేటెక్స్ బెలూన్‌కు మాత్రం ఇది చక్కగా సరిపోతుంది. వెంటాడే కారులో ఒకటి, మేడ మీద ఒకటి రిసీవర్ పెట్టుకుంటే పని గడుస్తుంది. దక్షిణ ఆస్ట్రేలియా హ్యామ్‌లు తయారు చేసిన హోరస్ బైనరీ అనే రేడియో పద్ధతి కూడా లేటెక్స్‌కే బాగా నప్పుతుంది. కంప్యూటర్‌కు తగిలించే చవక రేడియో డాంగిల్‌తో వినొచ్చు, సోండ్‌హబ్ అనే ఆన్‌లైన్ మ్యాపులో కనిపిస్తుంది.

మిగిలింది విస్పర్, అతి బలహీనమైన సంకేతాన్ని చాలా దూరం పంపే పద్ధతి. మన నేల నుంచి నా ఎంపిక ఇదే, సందేహం లేదు. దీన్ని 2008లో విడుదల చేసింది భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న జో టేలర్. ఇందులో సందేశం 50 బిట్లే. దాన్ని 110.6 సెకన్ల పాటు తాపీగా, కేవలం 6 హెర్ట్జ్ వెడల్పులో పంపుతారు. అంత నిదానంగా, అంత ఇరుకుగా పంపడం వల్లే చెవికి ఏమాత్రం వినబడని సంకేతాన్ని కూడా రొదలోంచి కంప్యూటర్ ఏరుకుంటుంది. 20 మీటర్ల బ్యాండులో 20 మిల్లీవాట్లు పంపితే అయనోస్పియర్ (పై వాతావరణంలో రేడియో తరంగాలను వెనక్కి వంచే పొర) మీద పడి వేల కిలోమీటర్లు వెళ్తుంది. బెలూన్ బర్మా అడవుల మీద ఉంటే జపాన్‌లోనో ఆస్ట్రేలియాలోనో ఎవరో విని విస్పర్‌నెట్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేస్తారు. మీరు హైదరాబాద్‌లో కూర్చుని చూసుకుంటారు. వినే చెవుల్ని మీరు పెట్టక్కర్లేదు, అవి ఇప్పటికే ప్రపంచమంతా ఉన్నాయి.

లోపాలూ చెప్పాలి. మామూలు విస్పర్ సందేశంలో కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే గుర్తింపు పేరు), నాలుగక్షరాల గ్రిడ్ (భూమిని గడులుగా విడగొట్టి పెట్టిన గుర్తు), పవర్ మాత్రమే పడతాయి. ఆ గ్రిడ్‌లో ఒక్కో గడి పొడవు ఒక డిగ్రీ, వెడల్పు రెండు డిగ్రీలు. హైదరాబాద్ ఉండే గడి ఎంకే97, విజయవాడది ఎన్‌కే06, విశాఖది ఎన్‌కే17. అంటే వంద కిలోమీటర్లకు పైబడిన గడిలో ఎక్కడో ఉందనే తెలుస్తుంది. అందుకే బెలూన్ ట్రాకర్లు తర్వాతి రెండు నిమిషాల్లో రెండో సందేశం పంపుతాయి. గ్రిడ్‌లో మిగతా రెండు అక్షరాలు, 20 మీటర్ల మెట్లలో ఎత్తు, ఉష్ణోగ్రత, ఓల్టేజీ, వేగం అన్నీ అందులో కుదించి ఉంటాయి. ట్రాకర్ కొనేటప్పుడు ఈ రెండో సందేశం పంపుతుందో లేదో తప్పకుండా చూడండి. అది లేకపోతే బెలూన్ ఎత్తు తగ్గుతోందా, ఇంకెన్నాళ్లు బతుకుతుంది అన్నది మీకు ఎప్పటికీ తెలియదు.

ఇంకో లోపం యాంటెన్నా. 20 మీటర్ల బ్యాండుకు పైన అయిదు మీటర్లు, కింద అయిదు మీటర్లు, వెంట్రుకంత సన్నటి ఎనామెల్ తీగ వేలాడాలి. ఏపీఆర్ఎస్ ట్రాకర్‌కు అరమీటరు తీగ, లోరాకు బెత్తెడు తీగ చాలు. పది మీటర్ల తీగను చిక్కుపడకుండా, చెట్టుకు తగలకుండా లేపడం ఇద్దరు మనుషుల పని. 10 మీటర్ల బ్యాండు ట్రాకర్ అయితే తీగ సగానికి సగం తగ్గుతుంది. కానీ ఆ బ్యాండు సూర్యుడి చురుకుదనం మీద ఆధారపడుతుంది, అన్ని రోజులూ పలకదు. మొదటిసారికి 20 మీటర్లే పెట్టుకోండి.

కొన్నదా, కట్టుకున్నదా

క్యూఆర్‌పీ ల్యాబ్స్ వాళ్ల యూ4బీ లాంటి సిద్ధంగా దొరికే ట్రాకర్లు కొంటే తీగా, సోలార్ పలకలూ అతికించడమే మిగులుతుంది. మొదటి ఎగురుడుకే భరోసా కావాలంటే ఇదే దారి. విదేశం నుంచి తెప్పించాలి, కస్టమ్స్ సుంకం పడుతుంది, వైర్‌లెస్ పరికరాల దిగుమతికి షరతులున్నాయి. ఆర్డర్ పెట్టేముందే అవి కనుక్కోండి.

కట్టుకునేవాళ్లకు నేను చూపించేది ట్రాక్విటో జెట్‌ప్యాక్. రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డు మీద కూర్చునే చిన్న బోర్డు ఇది. డిజైన్ అందరికీ తెరిచి ఉంది. బోర్డు తయారీకి ఫైళ్లు పంపి అచ్చు వేయించుకోవచ్చు. పికో బోర్డు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి విడిభాగాల బజార్లలోనూ ఆన్‌లైన్‌లోనూ అడిగితే దొరుకుతుంది. ఒకేసారి అయిదారు బోర్డులు చేయించుకుని స్నేహితులతో పంచుకుంటే ఒక్కోదాని ఖర్చు బాగా దిగుతుంది. ఒక బెలూన్ పోతే గుండె పగలకుండా రెండోది వదలగలిగేది అప్పుడే. నా ఓటు దీనికే.

ఏది తీసుకున్నా రెండు విషయాలు మీ కళ్లతో చూసుకోండి. ఒకటి, చలిలోనూ ఫ్రీక్వెన్సీని నిలబెట్టే టీసీఎక్స్‌ఓ అనే క్రిస్టల్ ఉందా. పైన చలి మైనస్ 50 డిగ్రీలు దాటుతుంది. మామూలు క్రిస్టల్ ఆ రెండు నిమిషాల్లోనే జరిగిపోతే విస్పర్ డీకోడ్ కాదు. రెండోది జీపీఎస్. యూ-బ్లాక్స్ మాడ్యూళ్లను మొదట వచ్చినట్టే వదిలేస్తే 12 కిలోమీటర్లు దాటాక స్థానం చెప్పడం మానేస్తాయి. మన బెలూన్ తేలేది సరిగ్గా ఆ ఎత్తులోనే. వాటిని ఎగిరే వస్తువుల కోసం ఉన్న ఎయిర్‌బార్న్ మోడ్‌లో పెట్టాలి. పెట్టామని ప్రోగ్రాం చెబితే సరిపోదు, మాడ్యూల్‌ను తిరిగి అడిగి సరిచూసుకోవాలి. ఏటీజీఎం336హెచ్ మాడ్యూల్‌కు ఈ బాధ లేదు, 18 కిలోమీటర్ల దాకా పనిచేస్తుంది.

బ్యాటరీ పెట్టాలా?

పికోకు వద్దు. లిథియం అయాన్ సెల్ సున్నా డిగ్రీల కింద చార్జింగ్ తీసుకోదు, బరువు మాత్రం తప్పదు. సోలార్ పలకల నుంచి నేరుగా నడిపించండి. రాత్రి మూగ, పగలు మాట. సూర్యుడు దిగంతం నుంచి పది ఇరవై డిగ్రీలు ఎక్కాక ట్రాకర్ లేస్తుంది. పలకల్ని అన్నిటినీ ఆకాశం వైపు బల్లపరుపుగా పెట్టకండి. ఇంటి కప్పులా రెండు వైపులా వాల్చితే పొద్దున, సాయంత్రం వాలు ఎండ కూడా అందుతుంది. లేటెక్స్ ప్రయాణానికైతే చలిని తట్టుకునే, చార్జింగ్ అక్కర్లేని లిథియం పెన్ సెల్స్ సరైనవి.

బెలూన్: మెరుపు రేకా, పారదర్శకమా

ఎక్కువ ప్రయాణాలు చెడిపోయేది ఇక్కడ. ఎలక్ట్రానిక్స్ మీద నెల రోజులు కూర్చునేవాళ్లు బెలూన్‌ను చివరి రోజు కొంటారు. నేను తిరగేసి చేయమంటాను.

పుట్టినరోజులకు వాడే 36 అంగుళాల గుండ్రటి మెరుపు రేకు బెలూన్లు ఏ పెద్ద ఊళ్లోనైనా దొరుకుతాయి. గ్యాసును బాగా పట్టి ఉంచుతాయి. కానీ రేకు సాగదు, కాబట్టి ఘనపరిమాణం తక్కువ. 7 నుంచి 9 కిలోమీటర్ల దగ్గర నిలిచిపోతాయి. మన ఉష్ణమండలంలో ఆ ఎత్తు అంటే మేఘాల నడిబొడ్డు. మంచు పేరుకుంటే బరువెక్కి దిగిపోతుంది. విమానాలు ఎక్కే దిగే ఎత్తులు కూడా అవే.

పారదర్శకంగా ఉండే 32 అంగుళాల ప్లాస్టిక్ బెలూన్లు కొంత సాగుతాయి. వదిలే ముందే వాటిని గాలితో సాగదీసి పెట్టుకుంటే ఘనపరిమాణం బాగా పెరిగి, 12 కిలోమీటర్ల పైకి చేరతాయి. లెక్క చూడండి. బెలూన్ 35 గ్రాములు, ట్రాకరూ తీగా కలిపి 15, లోపలి హీలియం 9 అనుకుందాం. మొత్తం 59. సాగిన సంచి 200 లీటర్లు పడితే లీటరుకు 0.295 గ్రాములు. గాలి అంత పలచబడేది 12 కిలోమీటర్లు దాటాక. ఇప్పుడు ట్రాకర్‌కు పది గ్రాముల బ్యాటరీ తగిలిస్తే దాదాపు ఒక కిలోమీటరు కిందికి దిగుతుంది. ఆ కిలోమీటరు మన దగ్గర చాలా విలువైనది. ట్రాకర్ మీద ప్రతి గ్రామునూ కంసాలి తూకంలా చూడమనేది అందుకే.

సాగదీయడానికి చేపల తొట్టెకు వాడే గాలి పంపు, పీడనం చూసుకోవడానికి మేస్త్రీలు వాడే లెవెల్ పైపు చాలు. పైపును యూ ఆకారంలో గోడకు కట్టి, సగం దాకా రంగు నీళ్లు పోసి, ఒక కొనను బెలూన్‌కు కలపండి. రెండు వైపుల నీటిమట్టాల తేడా 35 సెంటీమీటర్లయితే అది అర పీఎస్ఐ. అక్కడికి మెల్లగా, గంటలు తీసుకుని చేరండి. రోజంతా అలాగే ఉంచి మధ్యమధ్య చుట్టుకొలత రాసుకుంటూ ఉండండి. పెరగడం ఆగిపోయాక గాలి తీసేయండి. సాగదీసేటప్పుడే పగిలితే బాధపడకండి, అది ఆకాశంలో పగలాల్సినది ఇంట్లో పగిలింది. ఒకటికి మూడు బెలూన్లు కొనమని చెప్పేది ఇందుకే.

మూతి దగ్గర ఉండే స్వయంగా మూసుకునే వాల్వును నమ్మకండి. కిరాణా కొట్లో ప్యాకెట్లు అతికించే హీట్ సీలర్‌తో రెండు గీతలు వేసి, మీద కాప్టన్ టేపు చుట్టండి. గ్యాసు నింపాక రాత్రంతా గదిలో ఉంచి, పొద్దున మళ్లీ తూచండి. లిఫ్ట్ (పైకి లేపే బలం) అర గ్రాము తగ్గినా ఆ బెలూన్ వదలకండి.

ఎంత గ్యాసు? బెలూన్, ట్రాకర్ బరువుకు పైన అయిదారు గ్రాముల లిఫ్ట్ మిగలాలి, అంతే. కింద చూస్తే పావు వంతు మాత్రమే నిండి, వాడిపోయినట్టు వేలాడుతుంది. చూసేవాళ్లు "ఇంకాస్త కొట్టండి" అంటారు. వినకండి. 12 కిలోమీటర్ల ఎత్తులో గాలి పీడనం నేల మీది దానిలో అయిదో వంతు. ఎక్కువ నింపిన గ్యాసు అక్కడికి చేరాక బయటికి పోయే దారి లేక సంచిని చీలుస్తుంది. తక్కువైతే ఎక్కే వేగం మరీ మందగించి, మేఘాల్లో ఎక్కువసేపు చిక్కుకుంటుంది.

గ్యాసు: ఇది మాత్రం చదవకుండా దాటకండి

లీటరు హైడ్రోజన్ సుమారు 1.14 గ్రాములు లేపుతుంది, లీటరు హీలియం 1.05. తేడా ఎనిమిది శాతం. ఆ ఎనిమిది శాతం కోసం, నాలుగు రాళ్లు మిగులుతాయన్న ఆశ కోసం హైడ్రోజన్ వైపు చూసేవాళ్లున్నారు. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా అది అంటుకుంటుంది. ప్లాస్టిక్ బెలూన్ మీద చేతితో రుద్దితే పుట్టే నిప్పురవ్వ చాలు.

మన జాతరల్లో, తిరునాళ్లలో బూరలమ్మే వాళ్ల దగ్గర ఇనప సిలిండర్ చూసే ఉంటారు. అందులో చాలావరకు కాస్టిక్ సోడా, అల్యూమినియం ముక్కలు వేసి అప్పటికప్పుడు పుట్టించే హైడ్రోజన్ ఉంటుంది. ఆ సిలిండర్లు పేలి పిల్లలు పోయిన వార్తలు ఎన్ని చదివామో. దయచేసి దాని దగ్గరికి వెళ్లి "మా బెలూన్‌కు కొంచెం నింపు బాబూ" అనకండి. అందులో నీటి ఆవిరి కూడా ఉంటుంది, పైన గడ్డకడుతుంది. ప్రమాదం సంగతి పక్కనపెట్టినా అది మన పనికి పనికిరాదు.

హీలియం తీసుకోండి. అలంకరణ దుకాణాల్లో దొరికే బెలూన్ గ్యాసులో గాలి కలిసే అవకాశం ఉంది. పారిశ్రామిక గ్యాసులమ్మే డీలర్ దగ్గర స్వచ్ఛత రాసి ఉన్న సిలిండర్ అడగండి. ఒక బెలూన్‌కు కావలసింది అరవై లీటర్ల లోపు. చిన్న సిలిండర్ నలుగురు పంచుకుంటే నాలుగైదు ప్రయోగాలకు సరిపోతుంది.

ఏ నెల, ఎక్కడి నుంచి

హైదరాబాద్‌లో 1969 నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ల బెలూన్ కేంద్రం నడుస్తోంది. శాస్త్ర పరికరాలతో 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు పంపే భారీ బెలూన్లు అవి. ప్రయోగాలు సాధారణంగా చలికాలం, ఆ చుట్టుపక్కల నెలల్లోనే. కింద పడిన పరికరాలను ముట్టుకోవద్దని జిల్లాల వారీగా పేపర్లో ప్రకటన వేస్తారు. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో అలా ఒక పెద్ద గోళం దిగినప్పుడు ఊళ్లకు ఊళ్లు కదిలి వచ్చాయి. మన బుల్లి బెలూన్‌కు కూడా ఆ నెలలే మేలు, కారణాలు కొంచెం వేరు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన మీద పై గాలులు తూర్పు నుంచి పడమటికి వీస్తాయి. బెలూన్ అరేబియా సముద్రం మీదుగా ఆఫ్రికా వైపు వెళ్తుంది. దారి చెడ్డదేం కాదు, కానీ మన వానాకాలపు క్యుములోనింబస్ మేఘాల తలలు 15, 16 కిలోమీటర్లు దాటతాయి. 12 దగ్గర తేలే బెలూన్ వాటి కడుపులోంచే పోవాలి. ఏప్రిల్, మే నెలల సాయంత్రపు గాలివానలూ అంతే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆకాశం నిర్మలం. పై గాలి పడమటి నుంచి తూర్పుకు మళ్లుతుంది. బెలూన్ బంగాళాఖాతం, బర్మా దాటి ఇంకా ఉత్తరాన ఉన్న జెట్ గాలిలో పడితే పసిఫిక్ చేరుతుంది. వదిలే ముందు వారం రోజులు విండీ వెబ్‌సైట్‌లో 200 హెక్టాపాస్కల్ మట్టం (సుమారు 12 కిలోమీటర్ల ఎత్తు) గాలుల్ని, గాలి దారిని లెక్కగట్టే హైస్‌ప్లిట్‌లో బెలూన్ దారిని రోజూ చూస్తూ ఉండండి. సంక్రాంతి రోజులు మాత్రం వదిలేయండి. గాలిపటాల దారాల్లో పది మీటర్ల తీగ బతకదు.

చోటు విషయంలో ఒక్కటే నియమం: విమానాశ్రయాలకూ, దుండిగల్, సూర్యలంక లాంటి వైమానిక దళ స్థావరాలకూ, శ్రీహరికోటకూ బాగా దూరంగా, కరెంటు తీగలు లేని మైదానం. తెల్లవారుజామున, చెట్ల ఆకులు కదలని వేళ.

అనుమతులు

ప్రసారం చేసేది మీ కాల్‌సైన్ కాబట్టి హ్యామ్ లైసెన్స్ తప్పనిసరి. పన్నెండేళ్లు నిండిన ఎవరైనా పరీక్ష రాయొచ్చు. హైదరాబాద్‌లో 1983 నుంచి ఉన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఇన్నేళ్లుగా ఎంతోమందిని ఈ పరీక్షకు తయారు చేసింది. అంతర్జాతీయ పౌర విమానయాన నియమాల్లో 4 కిలోల లోపు బరువు మోసే బెలూన్ తేలికపాటి తరగతిలోకి వస్తుంది. అలాగని ఇక్కడ ఎవరికీ చెప్పకుండా వదిలేయొచ్చని అనుకోకండి. గాలిలోంచి ప్రసారం గురించి డబ్ల్యూపీసీకి (రేడియో లైసెన్సులు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం), ఎగరేయడం గురించి దగ్గరి ఏర్ ట్రాఫిక్ కంట్రోల్‌కు, స్థానిక పోలీసులకు కాగితం మీద రాసి, జవాబు కూడా కాగితం మీదే తీసుకోండి. జవాబు వచ్చేదాకా బెలూన్ బీరువాలోనే ఉండనివ్వండి. లేటెక్స్ బెలూన్‌కైతే ఇది మరీ ముఖ్యం, కిలో బరువు ఎవరి ఇంటి మీదైనా దిగొచ్చు.

యెమెన్, ఉత్తర కొరియాల మీద ప్రసారం ఆపేసేలా ట్రాకర్ ప్రోగ్రాంలో హద్దులు పెట్టండి, చాలా ట్రాకర్లలో ఆ సౌకర్యం ఉంది. ట్రాకర్ మీద చిన్న చీటీ అంటించండి: కాల్‌సైన్, "హాని లేని రేడియో ప్రయోగం" అన్న మాట, ఒక ఈమెయిల్. ఇంగ్లిషుతో పాటు తెలుగులోనూ రాయండి. కొన్ని బెలూన్లు దిగేది మన పక్క జిల్లాల్లోనే, దొరికేది రైతుకో పశువుల కాపరికో.

వదిలాక

మొదటి రోజు సాయంత్రం ట్రాకర్ ఆగిపోగానే అందరికీ గుండె జారుతుంది. రాత్రి మూగ అని తెలిసినా సరే. మర్నాడు పొద్దున బెలూన్ మీకంటే తూర్పున ఉంటుంది కాబట్టి అక్కడ ముందే తెల్లారుతుంది. మీ గడియారంలో ఆరు గంటలకే విస్పర్‌నెట్ తెరిచి మీ కాల్‌సైన్ వెతకండి. కనబడకపోతే తొమ్మిదింటికి మళ్లీ చూడండి. ఎత్తు నిన్నటంతే ఉందా అన్నది ముందు గమనించండి. రెండు రోజుల ఎత్తు వంద మీటర్ల తేడాలో ఉంటే సంచి బిగువుగా ఉన్నట్టే. రోజురోజుకూ దిగుతుంటే ఎక్కడో కారుతోంది, ఆ అంకెలు రాసిపెట్టుకుంటే తర్వాతి బెలూన్ మూతి ఎలా అతికించాలో తెలుస్తుంది. నాలుగు రోజులు ఏమీ రాకపోయినా పేజీ మూసేయకండి. సోలార్ పలక మీద మంచు పట్టి, వారం తర్వాత కరిగి మళ్లీ పలికిన బెలూన్లున్నాయి. నా మూడోది అలాగే ఆరో రోజు పొద్దున జపాన్ స్టేషన్ ఒకదానికి వినిపించింది.